మాత్ర పనిచేసిందా, మూలిక పనిచేసిందా?

ఈ ఎపిసోడ్‌కి ఇయర్‌ఫోన్స్ అక్కర్లేదు. పక్కన అమ్మ ఉంటే ఇంకా మంచిది.

మా పెద్దమ్మ ఖమ్మం నుంచి హైదరాబాద్ వచ్చే రోజు పొద్దున్నించీ మంచినీళ్ళు ముట్టదు. మధ్యలో బస్సు ఆపమని అడగాలంటే సిగ్గు. చాలా ఏళ్ళు "వయసైపోయిందిలే" అనుకున్నాం. దానికో పేరుందని ఈ మధ్యే తెలిసింది: ఓవర్ యాక్టివ్ బ్లాడర్. మూత్రాశయం నిండకముందే దాని కండరం బిగుసుకుంటుంది, "ఇప్పుడే, ఈ క్షణమే వెళ్ళాలి" అనిపిస్తుంది. డాక్టర్ ఒక టాబ్లెట్ రాశారు. కొన్ని వారాలకి మా కజిన్ ఒకడు ఆన్‌లైన్‌లో మూలికల పొడి తెప్పించాడు. పెద్దమ్మ రెండూ వేసుకుంది. తగ్గింది. "పొడే పనిచేసిందిరా" అంది.

నేను కోడ్ రాసి బతికినవాణ్ణి. ఒకేసారి రెండు మార్పులు చేసి ప్రొడక్షన్‌లో పెట్టేసి, బగ్ దేనివల్ల పోయిందో చెప్పమంటే ఎవడు చెప్తాడు? ఆ ప్రశ్న పట్టుకుని చరిత్రలోకి వెళ్ళాను. చాలా దూరం పోయింది.

వినాయక చవితి పత్రి గుర్తుందా? ఆ ఇరవై ఒక్క ఆకుల్లో ఉమ్మెత్త ఉంటుంది, ఉత్తరేణి ఉంటుంది. ఈ కథలో ఒకటి టాబ్లెట్ వైపు, ఇంకోటి మూలికల వైపు.

ముందు ఉమ్మెత్త. తింటే పిచ్చెక్కుతుందని మన ఊళ్ళలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నోరు ఎండిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, మనిషి ఏదేదో మాట్లాడతాడు. ఎవరూ పెద్దగా చెప్పుకోని లక్షణం ఇంకోటుంది: మూత్రం బిగుసుకుపోతుంది. యూరప్‌లో దీని చుట్టం బెల్లడోనా. రెండూ మన వంకాయ కుటుంబమే, నమ్మండి. బెల్లడోనా అంటే ఇటాలియన్‌లో అందమైన ఆడది. కళ్ళు పెద్దగా కనబడాలని అక్కడి స్త్రీలు దాని రసం చుక్కలు వేసుకునేవాళ్ళట. 1753లో లినేయస్ ఆ మొక్కకి అట్రోపా అని పేరు పెట్టాడు. గ్రీకు కథల్లో ఆయువు దారం కత్తిరించే దేవత పేరు అట్రోపోస్, అక్కణ్ణించి వచ్చింది. అందం, చావు, రెండూ ఒకే మొక్క పేరులో.

1833లో జర్మనీలో గైగర్, హెస్సె అందులోంచి అట్రోపిన్‌ని విడదీశారు. అది ఎలా పనిచేస్తుందో అర్థం కావడానికి మాత్రం చాలా టైమ్ పట్టింది. 1921లో ఆటో లోవి రెండు కప్ప గుండెలతో చేసిన ప్రయోగంలో, నరాలు రసాయనం వదిలి కబురు పంపుతాయని తేలింది. ఆ రసాయనమే ఎసిటైల్‌కోలిన్. మూత్రాశయం కండరానికి "బిగుసుకో" అని చెప్పేది కూడా అదే. అట్రోపిన్ వెళ్ళి ఆ కబురు అందే తలుపు మూసేస్తుంది. ఆ తలుపునే మూసే మందుల్ని తర్వాత ఫ్యాక్టరీల్లో చేశారు. అమెరికాలో ఆక్సీబ్యుటినిన్‌కి 1975లో, టాల్టెరోడిన్‌కి 1998లో, సాలిఫెనాసిన్‌కి 2004లో అనుమతి వచ్చింది.

చిక్కెక్కడంటే, ఆ తలుపులు మూత్రాశయంలోనే లేవు. లాలాజలం దగ్గర, పేగుల్లో, కంట్లో, మెదడులో అన్నిచోట్లా ఉన్నాయి. అందుకే నోరెండటం, మలబద్ధకం. 2015లో సియాటిల్ నుంచి ఒక స్టడీ వచ్చింది. 65 ఏళ్ళు దాటిన 3,434 మందిని సగటున ఏడేళ్ళకు పైగా గమనించారు. ఈ తరహా మందులు ఎక్కువ కాలం వాడినవాళ్ళలో మతిమరుపు జబ్బు ఎక్కువ కనిపించింది. మందే కారణమని అది నిరూపించలేదు, కానీ డాక్టర్లు జాగ్రత్తపడ్డారు. 2012లో వేరే తలుపు తట్టే మిరాబెగ్రాన్ అమెరికాలోకి వచ్చింది.

కాబట్టి ఆడవాళ్ళు మూలికల వైపు చూస్తున్నారంటే అది మూఢనమ్మకమని నేననను. నోరు పిడచకట్టుకుపోయి విసిగిపోతారు. చాలామంది కొన్ని నెలల్లోనే టాబ్లెట్ మానేస్తారు.

ఇప్పుడు ఉత్తరేణి. జపాన్‌లో సంప్రదాయ వైద్యాన్ని కంపో అంటారు. 1976లో అక్కడి ప్రభుత్వ బీమాలోకి కంపో మందులు పెద్ద ఎత్తున వచ్చాయి. గోషా-జింకి-గాన్ అనే పది సరుకుల మందులో మన ఉత్తరేణి జాతి మొక్క వేరు ఉంటుంది, దాల్చినచెక్క ఉంటుంది, శుద్ధి చేసిన వసనాభి కూడా ఉంటుంది. అవును, విషం వసనాభే. "మూలికే కదా, ఏం కాదు" అనేవాళ్ళకి ఈ ఒక్క పేరు చాలు. ఓవర్ యాక్టివ్ బ్లాడర్ ఉన్న ఆడవాళ్ళకి దీన్ని ఇచ్చి చూశారు, మెరుగు కనిపించిందన్నారు. కానీ అది చిన్న స్టడీ, పోల్చడానికి డమ్మీ గుంపు లేదు.

డమ్మీ లేకపోతే ఏమవుతుంది? ఈ జబ్బులో చాలా అవుతుంది. పరిస్థితి బాగా ముదిరినప్పుడే మనిషి ట్రయల్‌లో చేరతారు, ఆ తర్వాత కొంత దానంతటదే తగ్గుతుంది. పైగా రోజుకి ఎన్నిసార్లు వెళ్ళారో డైరీ రాయమంటారు. రాస్తూ రాస్తూ తెలియకుండానే కాస్త ఓర్చుకోవడం అలవాటవుతుంది. అందుకే ఉత్త పిండి మాత్ర వేసుకున్నవాళ్ళకి కూడా తగ్గుతుంది.

మగవాళ్ళ విషయంలో ఇది గట్టిగా తేలింది. ప్రోస్టేట్ వల్ల వచ్చే మూత్రం ఇబ్బందికి సా పామెట్టో అనే మొక్క సారం అమెరికాలో తెగ అమ్ముడుపోయేది. అక్కడ 1994 చట్టం ప్రకారం సప్లిమెంట్ పనిచేస్తుందని అమ్మేముందు నిరూపించక్కర్లేదు. 2006లో 225 మంది మగవాళ్ళ మీద ఏడాది పాటు ట్రయల్ చేస్తే డమ్మీకీ దానికీ తేడా రాలేదు.

ఆడవాళ్ళు కూడా ఉన్న మంచి ట్రయల్ కోసం వెతికితే 2018లో ఆస్ట్రేలియాది ఒకటి దొరికింది. మన ఉలిమిరి చెట్టు బెరడు, ఇంకో రెండు మొక్కలు కలిపిన మందు. 150 మంది, 8 వారాలు, డమ్మీతో పోలిక. మూలిక గుంపులో ఎక్కువ తగ్గింది. నాకు ఆనందమేసింది. తర్వాత చూస్తే, పేపర్ రాసినవాళ్ళలో ఆ మందు తయారీ కంపెనీ మనిషి కూడా ఉన్నారు. అబద్ధమని కాదు, సంబంధం లేనివాళ్ళు ఇంకోసారి చేసి చూపించాలి. పైగా అది మూలికకీ డమ్మీకీ పోటీ. పెద్దమ్మ ప్రశ్న అది కాదు, టాబ్లెట్‌తో పాటు వేసుకుంటే ఏంటని.

దానికి ట్రయల్ వేరేగా కట్టాలి. అందరికీ టాబ్లెట్ ఇస్తారు, ఎవరి దగ్గరా లాక్కోరు. దాని మీద సగంమందికి మూలిక, సగంమందికి అదే రంగు, అదే వాసన ఉన్న డమ్మీ. ఎవరికి ఏది వచ్చిందో వాళ్ళకీ తెలీదు, లెక్కపెట్టేవాళ్ళకీ తెలీదు. చూడాల్సినవి రెండు. మూలిక వల్ల అదనంగా తగ్గిందా? అదనంగా ఏమైనా చెడిందా? ఆ పొడిలో ఉమ్మెత్త లాంటి గుణం ఉన్నదేదైనా ఉంటే టాబ్లెట్ మూసే తలుపునే అదీ మూస్తుంది. నోరు రెట్టింపు ఎండుతుంది, మూత్రం ఆగిపోయినా ఆగిపోవచ్చు.

ఇదంతా చదివాక పెద్దమ్మకి ఫోన్ చేశా. "డాక్టర్‌కి పొడి సంగతి చెప్పావా?"

"చెప్తే తిడతారేమో రా. నోరు మాత్రం మరీ ఎండుతోంది."

డబ్బా ఫోటో పంపమన్నా. పదకొండు మూలికల పేర్లున్నాయి, ఏది ఎంతో ఒక్క అంకె లేదు. ఆ ఫోటోనే డాక్టర్‌కి చూపించాం. ఆవిడ తిట్టలేదు. టాబ్లెట్ అలాగే ఉంచి, పొడి రెండు వారాలు ఆపి, డైరీ రాయమన్నారు. పెద్దమ్మ పోయినేడాది క్యాలెండర్ తీసి, తేదీల గళ్ళలో పెన్సిల్‌తో గీతలు పెడుతోంది. వెళ్ళిన ప్రతిసారీ ఒక గీత. ఇది ట్రయల్ కాదని నాకు తెలుసు, ఆవిడకీ చెప్పా. ఈరోజుకి తొమ్మిదో రోజు.