కౌంటర్ దగ్గర ఆగిన పరిశోధన: సూరత్ ప్లేగు నుంచి ప్రాథమిక వైద్యంలో ఫార్మసిస్టు దాకా

1994 సెప్టెంబరు మూడో వారంలో ప్లేగు వార్త పొక్కగానే సూరత్ జనం రెండు చోట్లకు పరుగెత్తారు. ఒకటి రైల్వే స్టేషన్, రెండోది మందుల షాపు. స్టేషన్ కథ అందరికీ తెలిసిందే. కొద్ది రోజుల్లోనే లక్షల మంది ఊరు ఖాళీ చేశారు. షాపు కథ మాత్రం వార్తల్లో ఒకటి రెండు వాక్యాలకు మించలేదు. ప్లేగుకు వాడే టెట్రాసైక్లిన్ క్యాప్సూళ్లు చూస్తుండగానే అయిపోయాయి. ప్రైవేటు డాక్టర్లలో చాలామంది క్లినిక్కులకు తాళాలు వేసి తామూ బయల్దేరారు. ఊళ్లో మిగిలినవాడికి అందుబాటులో ఉన్న వైద్యం ప్రభుత్వ ఆసుపత్రి, ఇంటింటికీ తిరిగిన ఆరోగ్య సిబ్బంది, తెరిచి ఉన్న మందుల కౌంటరు.

ఆ కౌంటర్ దగ్గర ఏం జరగాలి? ఈ ప్రశ్నకు ఫార్మసీ పాఠ్యపుస్తకంలో జవాబుంది. టెట్రాసైక్లిన్‌ను పాలతోనో గ్యాస్ మాత్రతోనో వేసుకుంటే కాల్షియం, అల్యూమినియం, మెగ్నీషియం దాన్ని పట్టేస్తాయి, ఒంటికి సరిగా ఎక్కదు. గర్భిణికి ఇవ్వకూడదు. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఇస్తే పళ్లకు గార పట్టినట్టు మరక మిగిలిపోతుంది. ప్లేగు ముప్పు మెడ మీద ఉన్నప్పుడు ఈ నిషేధాలను సడలించవచ్చా లేదా అన్నది డాక్టరు తేల్చాల్సిన మాట. కానీ ఎదురుగా నిలబడినవాణ్ని 'ఇది ఎవరికి, ఇంట్లో చిన్నపిల్లలున్నారా' అని అడగడం మాత్రం అచ్చంగా ఫార్మసిస్టు పని. మందు దాచుకోవడానికి కొంటున్నాడా, వేసుకోవడానికి కొంటున్నాడా అని కనిపెట్టడమూ అతని పనే. రోగి మొదట చేరే చోట, డాక్టరు లేని ఘడియలో, మందు గురించి తెలిసినవాడు పూచీ పడటం: ప్రాథమిక వైద్యంలో ఫార్మసిస్టు పాత్రకు ఇంతకంటె సూటిగా నిర్వచనం చెప్పలేం. అమెరికాలో హెప్లర్, స్ట్రాండ్ 1990లో రాసిన వ్యాసం సారాంశం కూడా ఇదే: మందు చేతికివ్వడంతో పని తీరదు, ఆ మందు వల్ల రోగికి కలిగే ఫలితానికి కూడా ఫార్మసిస్టు బాధ్యుడు. నాలుగేళ్ల తర్వాత సూరత్ ఆ మాటకు పరీక్ష పెట్టింది.

ప్లేగు మీద రాతలు తక్కువేమీ రాలేదు. సామాజిక శాస్త్రవేత్త ఘనశ్యామ్ షా పుస్తకమే రాశారు. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు ఊరిని ఊడ్చి కడిగిన వైనం పరిపాలన పాఠమైంది, ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చెత్త గురించి అంత తెలిసింది కానీ, ఆ వారంలో ఎన్ని క్యాప్సూళ్లు ఎవరి కడుపులోకి ఏ సలహాతో వెళ్లాయన్న సంగతి ఎవరి పరిశోధనాంశమూ కాలేదు. చీపురుకు చరిత్ర ఉంది, గోలీకి లేదు. ఈ లోటు యాదృచ్ఛికం కాదని నా వాదన. మన దగ్గర ఫార్మసిస్టు పరిశోధకుడిగా ఎదిగే దారి ఫ్యాక్టరీ వైపు వేసిందే తప్ప కౌంటర్ వైపు వేసింది కాదు.

గుజరాత్, తెలుగు రాష్ట్రాలు ఈ విషయంలో తోడబుట్టిన అన్నదమ్ములు. అహ్మదాబాద్ ఎల్.ఎం. ఫార్మసీ కళాశాల 1947లో పుట్టింది. అయిదేళ్లకు అదే ఊళ్లో క్యాడిలా మందుల కంపెనీ వచ్చింది. ఇటు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదువు 1950ల తొలి నాళ్లలో మొదలైంది. హైదరాబాద్ ఐడీపీఎల్ కర్మాగారం బల్క్ డ్రగ్ పరిశ్రమకు బడి అయింది, అక్కడ పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. దీనివల్ల దేశానికి చవక మందులు దక్కాయి, కాదనను. కానీ ఎం.ఫార్మసీ అంటే టాబ్లెట్ తయారీ, రసాయన విశ్లేషణ, ఎలుకల మీద ప్రయోగం అన్న అర్థం స్థిరపడిపోయింది. మందు షాపులో నిలబడేవాడికి రెండేళ్ల డిప్లొమా చాలనుకున్నారు. ఆరేళ్ల ఫార్మ్.డి. 2008లో వచ్చాక రోగి పాఠ్యప్రణాళికలోకి వచ్చాడు, అయితే ఆసుపత్రి వార్డులో మంచం మీద పడుకున్న రోగిగానే ఎక్కువగా వచ్చాడు. వీధి చివర షాపులో 'అన్నా, జరం గోలీ ఇయ్యి' అని అడిగేవాడు ఇంకా బయటే నిలబడి ఉన్నాడు.

ఆ గొంతు సూరత్‌లో కొత్త కాదు. షోలాపూర్, భీవండీలకు వెళ్లినట్టే తెలంగాణ పద్మశాలీ కుటుంబాలు సూరత్‌కూ వలస వచ్చాయి. లింబాయత్, ఉధనా వైపు తెలుగు వినపడుతుంది, నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. పవర్‌లూమ్ షెడ్డులో పన్నెండు గంటల షిఫ్టు మామూలు. నేసిన మీటర్ల లెక్కన కూలి. ఆసుపత్రి ఓపీ లైన్లో ఒక పూట నిలబడితే ఆ పూట కూలి పోయినట్టే. అందుకని షిఫ్టు దిగి ఇంటికి పోతూ షాపు ముందు ఆగుతాడు. దీన్ని అజ్ఞానం అనడం మనవాళ్లకు అలవాటు. నాకైతే ఇందులో లెక్క తప్పిందేమీ కనిపించదు.

చట్టం ఈ మనిషిని ఎలా చూస్తుంది? 1948 ఫార్మసీ చట్టం ప్రకారం చీటీ మీద మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు మందు ఎలా వాడాలో రోగికి విడమరిచి చెప్పడాన్ని అతని విధిగా రాశాయి. 2014 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన షెడ్యూల్ హెచ్1 కొన్ని యాంటీబయాటిక్‌లకు, క్షయ మందులకు విడిగా రిజిస్టరు పెట్టమంది. క్షయ మందులు కొనేవారి వివరాలు ప్రభుత్వానికి తెలపాలని 2018 మార్చి గెజిట్ మందుల దుకాణాలనూ ఆదేశించింది. విధులు పెరిగాయి, హోదా పెరగలేదు. అదే ఏడాది ప్రభుత్వం కొత్తగా మొదలుపెట్టిన ఆరోగ్య కేంద్రాల్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ ఉద్యోగానికి నర్సులను, ఆయుర్వేద పట్టభద్రులను పిలిచారు. ఆరేళ్లు మందులే చదివినవాణ్ని పిలవలేదు.

కౌంటర్‌ను పరిశోధిస్తే ఏమి బయటపడుతుందో చూపిన పని ఒకటుంది. శ్రీనాథ్ సత్యనారాయణ బృందం ఢిల్లీ, ముంబై, పట్నా నగరాల్లోని 622 మందుల షాపులకు రోగుల వేషంలో శిక్షణ పొందిన మనుషులను పంపింది. ఫలితాలు 2016లో లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్‌లో వచ్చాయి. దగ్గు, జ్వరం లక్షణాలు మాత్రమే చెప్పినప్పుడు సరైన దారి చూపినవి 13 శాతం. క్షయ ఉన్నట్టు ల్యాబు రిపోర్టు చేతిలో పెట్టినప్పుడు 62 శాతం. మొదటి సందర్భంలో 37 శాతం, రెండో సందర్భంలో 16 శాతం మంది యాంటీబయాటిక్ ఇచ్చారు. క్షయకిచ్చే తొలి వరుస మందులను మాత్రం ఒక్కరూ అమ్మలేదు. షాపువాడు ఏదైనా అమ్మేస్తాడన్న నానుడిని ఈ అంకె తోసిపుచ్చుతుంది. ఒక కాగితం ముక్క ఎదుట ఉంటే అతని నడత అంతగా మారిందంటే, లోపం ఒక్క నీతిలోనే లేదు, చేతికందే సమాచారంలోనూ ఉంది. ఇంతటి పనిని నడిపించింది ఫార్మసీ కళాశాలలు కావు, ప్రజారోగ్య పరిశోధకులు. నా వాదనకు ఇదొక సాక్ష్యం.

బ్రిటన్‌లో క్రిస్టీన్ బాండ్ ప్రస్థానం వేరు. ఫార్మసిస్టుగా ఉండి, అబర్డీన్ విశ్వవిద్యాలయంలో కుటుంబ వైద్యుల విభాగంలో చేరి, అక్కడే ఆచార్య పదవికి ఎదిగారు. ఫార్మసిస్టు ఏం చేయగలడన్న ప్రశ్నను డాక్టర్ల పక్కన కూర్చుని దశాబ్దాల పాటు పరిశోధించారు. అలాంటి పరిశోధనలు పోగయ్యాయి కాబట్టే 2006లో అక్కడి ఫార్మసిస్టులకు స్వతంత్రంగా చీటీ రాసే అధికారం, 2024 జనవరి 31 నుంచి ఇంగ్లండులో గొంతునొప్పి, చెవిపోటు వంటి ఏడు రుగ్మతలకు షాపులోనే చికిత్స సాధ్యమయ్యాయి. ఆ అధికారాలను ఇక్కడికి ఎత్తుకురావాలనడం తొందరపాటు. లైసెన్సు మీద ఒకరి పేరు, కౌంటర్ వెనక ఇంకొకరు ఉండే చోట అధికారం ఎవరి చేతికి పోతుందో చెప్పక్కర్లేదు. తెచ్చుకోవలసింది ఆ కుర్చీని: వైద్య కళాశాల కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో ఒక ఫార్మసిస్టు పరిశోధకుడికి ఉద్యోగం.

ఆ కుర్చీలో కూర్చున్నవాడికి సూరత్‌లో పని వెతుక్కోనక్కర్లేదు. చీటీ మీద 'పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక' అని ఉంటుంది. ఆ వారం రాత్రి షిఫ్టు చేస్తున్న నేతగాడికి పొద్దున అంటే పడుకునే వేళ. వారం మారి షిఫ్టు మారితే అతని పొద్దు కూడా మారుతుంది. బీపీ మాత్ర, చక్కెర మాత్ర, క్షయ మాత్ర ఏ గంటకు వేసుకుంటున్నాడు? షిఫ్టు మారిన రోజు ఒక మోతాదు ఎగిరిపోతోందా, రెండు పడుతున్నాయా? చక్కెర మాత్ర వేసుకుని తినకుండా మగ్గం దగ్గర నిలబడితే కళ్లు తిరిగే ప్రమాదం ఉందని అతనికి ఏ భాషలో ఎవరు చెప్పారు? దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, ఎలుకలూ అక్కర్లేదు. లింబాయత్‌లో నాలుగు షాపుల అనుమతి, ఒక నోటు పుస్తకం, గుజరాతీతో పాటు తెలుగూ వచ్చిన ఒక విద్యార్థి చాలు. మొదటి ప్రశ్న 'ఏ మందు వాడుతున్నారు' అని కాదు. 'ఈ వారం ఏ షిఫ్టు?'