పొరల లెక్క



మణికొండ ప్రక్కనున్న నార్సింగిలో టాటా మౌలిక పరిశోధన సంస్థవారి హైదరాబాదు కేంద్రము తన తొలి సంవత్సరములు గడపి, పిదప గోపనపల్లికి తరలినది. 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయము గచ్చిబౌలిలో కలదు. లేజరు కాంతితో పదార్థముల గుట్టు తెలిసికొనువారు ఈ చుట్టుప్రక్కల పెక్కురు. అట్టి పరీక్షలలో ఒకదాని వెనుకనున్న తెలుగువారి చరిత్రను నేడు మనవి చేసెదను.

1960లో లేజరు పుట్టినది. మఱుసటి సంవత్సరమే అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమున ఫ్రాంకెన్ అను పండితుడును ఆయన సహచరులును కెంపు లేజరు ఎఱ్ఱని కాంతిని చెకుముకి జాతి స్ఫటికమైన క్వార్ట్జుగుండ పంపిరి. 6,943 ఆంగ్‌స్ట్రాముల తరంగము లోనికి పోగా, అందులో అతిస్వల్పభాగము సరిగా సగము పొడవుతో, కంటికి కానరాని కాంతియై వెలువడెను. ఫొటోపలకపై దాని గుర్తు సన్నని చుక్క. పత్రికవారు దానిని మరకయని తలంచి అచ్చులో చెరిపివేసిరని చెప్పుదురు! సాక్ష్యము లేకయే ఆ వ్యాసము లోకప్రసిద్ధమైనది.

ఈ ద్విగుణకాంతి అన్ని స్ఫటికములలోను పుట్టదు. మన వాకిటి ముగ్గునే చూడుడు. ఒక త్రికోణమును తలక్రిందు చేసినచో వేఱు రూపము కనబడును. దానిపైననే తలక్రిందు త్రికోణము వేసినచో ఆఱు కొనల చుక్క యగును. దానిని తలక్రిందు చేసినను మార్పు కానరాదు. మొదటిదానివలె ఎదురుబొదురు దిక్కులకు భేదముగల అమరికలోనే ఎలక్ట్రానులు ఒకవైపు ఎక్కువగను మఱియొకవైపు తక్కువగను ఊగును. ఆ హెచ్చుతగ్గులనుండియే ద్విగుణకాంతి కలుగును. రెండవదానివంటి స్ఫటికమున అది అడగిపోవును.

మాలిబ్డినైటు అను నల్లని ఖనిజము చేతికి జిడ్డుగా తగులును. యంత్రములకు కందెనగా వాడుదురు. అందు ఒక్కొక్క పొర మందము మిల్లీమీటరులో పదిలక్షవ వంతుకంటెను తక్కువ. 2010లో ఆ ఒంటిపొర చక్కగా వెలుగునిచ్చు అర్ధవాహకమని తేలినది. 2013లో పలు పరిశోధకబృందములు దానిపై లేజరు ప్రసరింపజేయగా ఒకపొర ద్విగుణకాంతి నిచ్చెను. రెండుపొరలు దాదాపు మౌనము వహించెను. మూడుపొరలు మరల పలికెను. ప్రతి పొరయు క్రిందిదానికి తలక్రిందు త్రికోణమగుటయే కారణము. స్ఫటికమును త్రిప్పుచు కొలిచినచో ఆఱు రేకుల పువ్వు కనబడును. రేకుల దిక్కే పరమాణువుల దిక్కును తెలుపును.

స్ఫటికముల సౌష్ఠవమును గూర్చిన ఈ లెక్కలో ఒక తెలుగువాని చేయి యున్నది. కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతముగారు హైదరాబాదు నిజాము కళాశాలలో చదివి, 1928లో కలకత్తాలో రామనుగారి చెంతకు చేరిరి. తరువాత వాల్తేరులో ఆచార్యులై, స్ఫటికములకు గణసిద్ధాంతమును అన్వయించిరి. ఒత్తిడికి లోనైన స్ఫటికమున కాంతి నడకను నిర్ణయించు సంఖ్యలు ఎన్నియో జర్మను పండితుడు పాకెల్సు వేసిన పట్టికలో కొన్ని వర్గములకు తప్పినవని 1942లో చూపిరి. టి. వెంకటరాయుడుగారితో కలిసి వ్రాసిన గ్రంథమును 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రకటించినది. 1949లో సూర్యనారాయణగారితో కలిసి, స్ఫటికధర్మము లొక్కొక్కదానికి ఎన్ని స్వతంత్రసంఖ్యలు చాలునో లెక్కించు మార్గమును వివరించిరి.

అట్టి పట్టికలు పూర్వము లేకపోలేదు. 2013 నాటి పరిశోధకులు వాల్తేరు గ్రంథమునే చూచిరనియు నేననను. ఆయన కూర్చిన సులభమార్గము కొలతకు ముందే ఫలితమును చెప్పును: సౌష్ఠవము లేని స్ఫటికమునకు ద్విగుణకాంతి సంఖ్యలు 18, మాలిబ్డినైటు ఒంటిపొరకు ఒకటి, రెండుపొరలకు సున్న. ఉస్మానియా ఉపాధ్యక్షులనియు, రక్షణమంత్రి శాస్త్రసలహాదారులనియు ఆయనను తలచుకొనువారు కలరు. ఈ లెక్కను తలచువారు అరుదు. అది నాకు కొఱతగా తోచుచున్నది.

ఒత్తిడిచే విద్యుత్తు పుట్టు ధర్మమునకును పట్టిక రూపమిదియే. 2014లో మాలిబ్డినైటు పొరను సాగదీసి చూచిరి. బేసి పొరలలో విద్యుత్తు పుట్టినది. సరి పొరలలో పుట్టలేదు.