విమాన క్యాబిన్‌లో రేడియో తరంగాలు

ప్రయాణికులు కూర్చునే విమాన క్యాబిన్, రేడియో తరంగానికి సంబంధించినంతవరకు, కిటికీలున్న లోహపు గొట్టం. లోపల పుట్టిన తరంగం అల్యూమినియం గోడలకు తగిలి పదేపదే వెనక్కి మళ్లుతుంది. మళ్లిన తరంగాలు కొన్నిచోట్ల కలిసి బలపడతాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. కాబట్టి ఫోను బెత్తెడు పక్కకు జరిపినా సిగ్నల్ మారిపోవచ్చు. కిటికీల నుంచి, తలుపు సందుల నుంచి కొంత శక్తి బయటపడి, విమానం ఒంటిమీదున్న యాంటెన్నాలను చేరగలదు. విమానాల్లో ఎలక్ట్రానిక్ పరికరాలపై నిషేధాల కథ మొదలైంది ఇక్కడే.

మొదటి ముద్దాయి సెల్‌ఫోన్ కాదు, చేతిలో పట్టే ఎఫ్.ఎం. రేడియో. వినడానికే తప్ప పంపడానికి పనికిరాని పెట్టెతో ముప్పేమిటి అనిపిస్తుంది. కానీ ఇలాంటి రేడియోల్లో ఉండే సూపర్‌హెటరోడైన్ రిసీవర్‌లో చిన్న ఆసిలేటర్ ఒకటి ఉంటుంది. మనం పెట్టిన స్టేషన్ కంటే అది సాధారణంగా 10.7 మెగాహెర్ట్జ్ పైన కంపిస్తుంది. 100 మెగాహెర్ట్జ్ స్టేషన్ పెడితే 110.7 దగ్గర సన్నటి సంకేతం కారుతుంది. పైలట్‌కు దిక్కు చూపే వి.ఓ.ఆర్. వ్యవస్థ పనిచేసేది సరిగ్గా 108–118 మెగాహెర్ట్జ్ మధ్య. అమెరికా 1961లో ఈ రేడియోలపై ఆంక్ష పెట్టింది. విమానయాన సాంకేతిక సంఘం ఆర్.టి.సి.ఎ. 1963లో దీనిపై నివేదిక ఇచ్చింది. తర్వాతి నిబంధన అన్ని ఎలక్ట్రానిక్ పరికరాలకూ విస్తరించినా, వినికిడి యంత్రాలనూ, పేస్‌మేకర్లనూ వదిలేసింది. ఎందుకో గడ్డం గీసుకునే కరెంటు మిషన్లకూ ఆ జాబితాలో చోటు దక్కింది.

సెల్‌ఫోన్ సంగతి వేరు. 1991లో అమెరికా కమ్యూనికేషన్స్ కమిషన్ గాలిలో 800 మెగాహెర్ట్జ్ ఫోన్లను నిషేధించింది విమానం కోసం కాదు, నేల మీది నెట్‌వర్క్ కోసం. పైనుంచి ఒకే ఫోను ఎన్నో టవర్లకు ఒకేసారి వినబడి వాటి లెక్క తప్పిస్తుంది. పైగా దూరపు టవర్‌ను అందుకోవాలని ఫోను తన శక్తినంతా వాడుతుంది. దీనికి విరుగుడుగా వచ్చినదే పికోసెల్, అంటే విమానంలోనే పెట్టే బుల్లి టవర్. టవర్ పక్కనే ఉంటే ఫోను గొంతు తగ్గించుకుంటుంది. దీనికి తోడుగా మరో పరికరం క్యాబిన్‌లో సన్నటి రొద నింపి, కింది టవర్ల సంకేతాలు ఫోన్లకు అందకుండా చూస్తుంది. 2008 మార్చిలో ఎమిరేట్స్ దుబాయ్–కాసాబ్లాంకా విమానంలో ఇలాంటి వ్యవస్థతో అధికారికంగా కాల్స్ మొదలయ్యాయి.

మనుషులు తరంగాలను మింగేస్తారన్నది ఈ శాస్త్రంలో అన్నిటికంటే సరదా అయిన భాగం. ఒంట్లోని నీరే కారణం. ఖాళీ క్యాబిన్‌లో చాలాసేపు ప్రతిధ్వనించే శక్తి, నిండుగా ఉంటే త్వరగా అణగిపోతుంది. అంటే ఖాళీ విమానంలో తీసిన కొలతలు నిండు విమానానికి పనికిరావు. అలాగని వందలమందిని రోజుల తరబడి కదలకుండా కూర్చోబెట్టడం కుదరదు. అందుకే బోయింగ్ ఇంజినీర్లు పాత విమానం సీట్లలో బంగాళాదుంపల బస్తాలు కూర్చోబెట్టారు, దాదాపు 9 టన్నులు. తరంగాలను పీల్చుకోవడంలో దుంప మనిషికి దగ్గర చుట్టం. ఈ పద్ధతి 2012 చివర్లో లోకానికి తెలిసింది. దానికి పెట్టిన స్పడ్స్ అన్న పేరుకు ఇంగ్లీషు వాడుకలో అర్థం బంగాళాదుంపలే.

2013 అక్టోబరులో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్.ఏ.ఏ., ఎక్కింది మొదలు దిగేదాకా ట్యాబ్లెట్లు, ఈ-రీడర్లు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో వాడుకోవచ్చంది. అయినా పరికరాల గురించిన భయం పూర్తిగా ఉత్తదేమీ కాదు. బోయింగ్ 737, 777 రకాల్లోని ఒక నమూనా కాక్‌పిట్ తెరలు వై-ఫై పరీక్షల్లో ఖాళీ అయిపోతున్నాయని తేలడంతో, 2014లో అదే సంస్థ 1,300కు పైగా విమానాల్లో వాటిని మార్చమంది.

భారతదేశంలో 2018 డిసెంబరులో విమాన, సముద్రయాన కనెక్టివిటీ నిబంధనలు వచ్చాయి. మొబైల్ సేవలకు కనీసం 3,000 మీటర్ల ఎత్తు షరతు పెట్టారు. 2020 మార్చి నుంచి పైలట్ అనుమతితో, ఫ్లైట్ మోడ్‌లో ఉన్న పరికరాలు వై-ఫై వాడుకోవచ్చు.