వెట్టికి ఎదురుమాట

భద్రాచలం అనగానే రామదాసు గుర్తుకు వస్తాడు. ఆయనతో పాటు ఆయన అప్పు కూడా గుర్తుకు రావాలి. నేలకొండపల్లి వాస్తవ్యుడు కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహశీలుదారు. సర్కారుకు చేరవలసిన శిస్తు సొమ్ముతో రాముడికి గుడి కట్టించాడు. భక్తి గొప్పదే, లెక్క మాత్రం తప్పింది. గోలకొండలో పన్నెండేళ్ళు చెరలో మగ్గాడనీ, చివరకు రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో అన్నదమ్ములిద్దరు వచ్చి తానీషా ముందు ఆరు లక్షల వరహాలు కుమ్మరించి రశీదు పుచ్చుకుని వెళ్ళారనీ ఐతిహ్యం. ఇందులో చరిత్ర ఎంత, కథ ఎంత అన్నది చరిత్రకారులు తేల్చుకోవలసిన సంగతి. నన్ను పట్టి నిలిపేది ఒక్కటే. తీర్చినవాడు అప్పుపడినవాడు కాదు. తీర్చమని అడిగే అర్హత కూడా ఆ ఖైదీకి లేదు. పైగా అప్పటికే తన కీర్తనలలో దేవుణ్ణి నిలదీసి, నిష్ఠూరమాడి ఉన్నాడాయె!

అర్హత చూడని ఈ దయకు శ్రీవైష్ణవులు నిర్హేతుక కృప అని పేరు పెట్టారు. కోతిపిల్ల తల్లిని తానే కరచుకుని ఉండాలి, పిల్లిపిల్లను తల్లే నోట కరచుకుని తీసుకుపోతుంది. మర్కట, మార్జాల కిశోర న్యాయాలంటూ వడగలై, తెంగలై పండితులు తరాల తరబడి వాదించుకున్నది దీని గురించే. తరువాతి కాలంలో బైబిలును తెలుగులోకి తెచ్చినవారు, పౌలు పత్రికలలో అడుగడుగునా వచ్చే ఖారిస్ అనే గ్రీకు మాటకు సాటి వెతుక్కుంటూ ఈ కృప దగ్గరే ఆగారు. ఇప్పుడది తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో ఇంటి మాట. కృపమ్మ, కృపారావు, కృపానందం, కృపావరం అనే పేర్లు లేని క్రైస్తవ పేట మన వైపు ఉండదేమో.

ఆ మాట భద్రాచలం ఎగువ అడవిలోకి క్రైస్తవ రూపంలో ఎలా వెళ్ళిందో, అక్కడ ఎవరికి ఏమైందో చెప్పుకోవడమే ఈ టపా ఉద్దేశం.

భద్రాచలం నుంచి పర్ణశాలకు పోయే దారిలో సుమారు 25 కిలోమీటర్ల దూరాన దుమ్ముగూడెం ఉంది. యాత్రికులు సాధారణంగా అక్కడ ఆగరు. ఆగినవారు గోదావరి మీద పాత ఆనకట్టను చూస్తారు, ఇంత అడవిలో పడవల లాకులెందుకని ఆశ్చర్యపోతారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ దొర చూపు ఎగువకు మళ్ళింది. నాగపూరు, బేరారు ప్రాంతాల ప్రత్తిని పడవల మీద సముద్రానికి దించాలన్నది ఆలోచన. నదిలో మూడు చోట్ల రాళ్ళు అడ్డం. మొదటి అడ్డంకి దుమ్ముగూడెం, రెండోది ఇచ్చంపల్లి, మూడోది దేవలమర్రి. ఆ పనుల మీద వచ్చిన ఇంజనీరు ఫెలిక్స్ థాకరే హేగ్. రైళ్ళు రావడం, ఖర్చు పెరగడంతో 1871లో సర్కారు పథకాన్ని వదిలేసింది. ప్రత్తి పడవలు ఆ లాకుల గుండా అనుకున్నట్టు ఎన్నడూ సాగలేదు.

ఆ పనులు సాగే రోజుల్లోనే, 1860 డిసెంబరు ఒడంబడికతో, గోదావరి ఎడమ గట్టున ఉన్న భద్రాచలం, రేకపల్లి తాలూకాలు నిజాం చేతి నుంచి ఇంగ్లీషువారి చేతికి వచ్చాయి. అంతకుముందు అక్కడ కోయల బ్రతుకు ఎలా ఉండేదో జాన్ కెయిన్ అనే మిషనరీ రాసిపెట్టాడు. ఆయన వ్యాసాలు 1876 నుంచి 'ఇండియన్ యాంటిక్వరీ'లో వచ్చాయి. 1909లో థర్‌స్టన్ తన కులాలు, తెగల సంపుటాలలో కోయల గురించి రాస్తూ కెయిన్ మీదే ఎక్కువగా ఆధారపడ్డాడు. ఆ వివరాలు కొంచెం నిదానంగా చదవవలసినవి.

భద్రాచలం జమీందారు రొహిల్లా సిపాయిలను పోషించేవాడు. పోషించడమంటే జీతమివ్వడం కాదు. వారికి ముట్టేది స్వల్పం, మిగతాది చుట్టుపక్కల ఊళ్ళను దోచుకుని సంపాదించుకోవలసిందే. తాలూకాను పది సముతులుగా విభజించారు, సముతుకు ఇరవై అయిదు కోయగూడేలు. ఒక్కొక్క సముతు వంతు వచ్చినప్పుడు నెల పొడుగునా వంద మంది కోయలను రొహిల్లాల బరువులు మోయడానికి, వంద మంది మాదిగలను వారి గుర్రాలు చూడడానికి పంపాలి. కూలి లేదు, బత్తెం లేదు. ఇతర చిన్న జమీందారులకూ ఇలాంటి ముఠాలే ఉండేవి. కోయ స్త్రీల ఒంటి మీది బట్టలు కూడా లాక్కుని నవ్వుకునేవారట. తెల్లవారేలోగా ఇల్లు తగలబడదన్న నమ్మకంతో కన్ను మూసిన రాత్రి లేదని కోయలు కెయిన్‌తో చెప్పుకున్నారు. పండిన గింజలను గుహలలో, పెద్ద చెట్ల తొర్రలలో దాచుకునేవారు.

చెట్టు తొర్రలో ధాన్యం దాచుకునే మనిషికి దేవుడి దయ గురించి ఏమని చెప్పగలం? అతని అనుభవంలో పైనున్నవాడు తీసుకునేవాడే. జమీందారు తీసుకుంటాడు, సిపాయి తీసుకుంటాడు, షావుకారు తీసుకుంటాడు. బలి ఇవ్వకపోతే గ్రామదేవత కూడా ఊరుకోదు. వెట్టి అంటే కూలి లేని పని. కృప అంటే పని లేని కూలి. మత్తయి సువార్త ఇరవయ్యో అధ్యాయంలో ఒక ద్రాక్షతోట యజమాని ఉన్నాడు. సాయంత్రం వచ్చి ఒక్క గంట పనిచేసినవాడికీ పూర్తి రోజు కూలి ఇస్తాడు. పొద్దుటినుంచి ఎండలో పనిచేసినవారు గొణుగుతారు. మనవంటి చదువరులకు గొణిగేవారి పక్షమే న్యాయంగా తోస్తుంది. సముతు వంతుకు నెలంతా ఊరికే మోసివచ్చినవాడికి యజమాని పక్షం తోచి ఉంటుందని నా ఊహ.

దుమ్ముగూడెంలో మిషన్ 1860లోనే మొదలయింది. చర్చి మిషనరీ సొసైటీ వారిని అక్కడికి రప్పించే ప్రయత్నం చేసినవాడు హేగ్. లాకులు కట్టడానికి వచ్చినవాడికి కూలీల ఆత్మల గొడవ ఎందుకని పై అధికారులు అనుకున్నారో లేదో కాని, ఆయన మాత్రం ఉద్యోగం చాలించిన తరువాత కూడా మిషన్ పనిని వదలలేదు. ఆయన దగ్గర పనిచేసిన ఉద్యోగి వెంకటరామరాజు, క్షత్రియుడు, క్రైస్తవం పుచ్చుకుని సర్కారు కొలువు వదిలి కోయల మధ్య తొలి ప్రచారకుడయ్యాడు. తరువాత పాదిరి అయ్యాడు. రాముడి క్షేత్రానికి ఎగువన ఆ కొత్త మాటను మొదట మోసినవాడి పేరులోనే రాముడు ఉండడం చూసి నేను కొంతసేపు ముచ్చటపడ్డాను. కోయగూడెంలోకి పల్లకీ లేకుండా, వెట్టి అడగకుండా వచ్చిన పై కులపు మనిషి ఎంత వింతగా కనిపించి ఉంటాడో!

ఆపైన కెయిన్ వచ్చాడు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ జ్వరాల సీమలోనే ఉన్నాడు. బడి పెట్టారు, అనాథ పిల్లలను చేరదీశారు, నరసాపురం వైపు లాగానే ఆడవారికి లేసు అల్లిక నేర్పి దానిని బయటి దేశాలలో అమ్మించారు. అయినా ఫలితం? కోయల కోసమని పెట్టిన మిషనులోకి కోయలు చాలా కొద్దిమందే వచ్చారు. వచ్చినవారిలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. రొహిల్లాల గుర్రాలు చూసినవారి బిడ్డలన్నమాట.

ఈ విఫలతే నాకు ఆ మిషన్ చరిత్రలో అన్నిటికన్నా విలువైన పుటగా కనిపిస్తుంది. బియ్యం కోసం, బడి కోసం మతం మారారన్న నింద మనకు కొత్త కాదు. ఆ నింద ఒక వంక ఇచ్చేవాణ్ణి, మరొక వంక పుచ్చుకునేవాణ్ణి కించపరుస్తుంది. ఇచ్చినదానికి బదులు ఆశిస్తే అది వ్యాపారం, ఇందులో నాకు సందేహం లేదు. అలా బదులు ఆశించి చేసిన మిషన్ పనులు మన దేశంలో లేవనీ అనను. దుమ్ముగూడెంలో మాత్రం ఎవరి కోసం వచ్చారో వారు దండం పెట్టి తమ వేల్పుల దగ్గరికే తిరిగిపోయారు. పెట్టుబడి లెక్కన చూస్తే పదేళ్ళకు మూటాముల్లె సర్దుకోవలసింది. సర్కారు తన లాకుల విషయంలో చేసింది అదే. మిషన్ సర్దుకోలేదు. కోయ రాకపోయినా బడి నడిచింది.

అలాగని కెయిన్‌ను మహర్షిని చేయబోను. ఆయన రాతలలో ఆ కాలపు తెల్లదొర చూపు ఉంది. తాను ప్రకటించే కృపకూ, తన జాతి సర్కారు వసూలు చేసే పన్నుకూ మధ్య దూరం కోయవాడికి ఎలా కనిపించి ఉంటుందన్నది కూడా ఆలోచించవలసినదే. రేకపల్లి మధ్య పరగణాల పాలనలో ఉన్నన్నాళ్ళు పోడు మీద పన్ను తక్కువ. 1874లో మద్రాసు కిందికి మారాక అది పెరిగింది. 1879లో రంప పితూరీ రేకపల్లి దాకా పాకడానికి అదొక కారణం. ఒకే రంగు మనుషులు ఒక చేత్తో ఊరికే వచ్చే దయను చూపి, మరొక చేత్తో గొడ్డలికి ఇంతని పన్ను అడిగితే ఏ చేతిని నమ్మాలి? కోయలు దూరంగా ఉండిపోవడానికి ఇది కూడా ఒక కారణమై ఉండవచ్చునని నాకనిపిస్తుంది. తమ వేల్పుల మీద, గూడెం కట్టుబాట్ల మీద వారికున్న మమకారం అసలు కారణం కావచ్చు. దానిని తక్కువ చేయనక్కరలేదు.

రేకపల్లి ఊసు వచ్చింది కనుక ఇంకొక్క మాట. ఆ ప్రాంతం తూర్పుగోదావరిలో ఉండి, 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చి, 2014లో పోలవరం ముంపు మండలాలతో పాటు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళింది. ఇప్పుడక్కడి కోయ కుటుంబం పరిహారం అందుకోవాలంటే అర్హుల జాబితాలో పేరుండాలి. అర్హత అనే మాట అక్కడ పుస్తకాలలోది కాదు, కాగితం మీద ముద్ర పడవలసినది.

మాలపేటలలో, మాదిగపేటలలో మాత్రం ఆ మాట వేళ్ళూనుకుంది. దుమ్ముగూడెం తరువాత దోర్నకల్ అధ్యక్ష మండలంలో చేరింది. ఆ మండలానికి 1912లో బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. గుర్రాల పేడ ఎత్తినవారి మనుమలు గుడిలో ముందు వరుసన నిలబడి చదివారు. సంఘంలో కులం పోయిందా అంటే పోలేదు, మాల మాదిగ తగవులు గుడి గడప దాటి లోపలికీ వచ్చాయి. అయినా తాత తండ్రులు ఎవరినీ కన్నెత్తి చూడలేని చోట, ఎవరికీ రుణపడకుండానే తనకు చోటుందని ఒక మనిషి నమ్మడం చిన్న సంగతి కాదు. నా దృష్టిలో ఆశ అన్న మాటకు ఇంతకన్నా గట్టి ఉదాహరణ అక్కరలేదు.

19వ శతాబ్దం చివరి పాదంలో ఆ మిషన్ పని ఫలితంగా కోయ భాషలోకి లూకా సువార్త వచ్చింది. నాలుగు సువార్తలలో దీనినే ఎందుకు ఎంచుకున్నారో కాని, తప్పిపోయిన కొడుకు కథ లూకాలో తప్ప మరొక చోట లేదు. ఆస్తి తగలేసి, పందుల దగ్గర ఆకలితో మాడి, ఇంటికి తిరిగివచ్చే కొడుకు దారి పొడుగునా ఒక మనవి వల్లెవేసుకుంటూ వస్తాడు. తనను కొడుకుగా చూడనక్కరలేదు, కూలివాళ్ళలో ఒకడిగా పెట్టుకుంటే చాలునని. గుమ్మం దగ్గర మొదలుపెడతాడు. తాను కొడుకుననిపించుకోవడానికి తగనన్నంత వరకే చెప్పగలుగుతాడు. కూలి సంగతి దాకా తండ్రి రానివ్వడు. బట్టలు తెమ్మని, చెప్పులు తెమ్మని అప్పటికే ఇంట్లోవాళ్ళకు కేకలు వేస్తూ ఉంటాడు.