వృత్తిపద సేకరణలో విద్యార్థి భాగస్వామ్యం: గుంటూరు, ప్రకాశం మైదానాల సందర్భం

విశ్వవిద్యాలయ పరిశోధనలో ప్రశ్నను ఆచార్యుడు నిర్ణయించడం, సమాచారాన్ని విద్యార్థి సేకరించి తేవడం చిరకాలంగా సాగుతున్న రీతి. గ్రామీణ వృత్తిపదాల అధ్యయనంలో మాత్రం ఈ శ్రమవిభజన పరిశోధనకే లోపం తెస్తుంది. ఏ పదం గురించి అడగాలో ఆ వృత్తిలో పెరిగిన విద్యార్థికి ముందే తెలిసి ఉండవచ్చు. ఈ అంశాన్ని పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం మైదానాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

గ్రామ సర్వేల పూర్వరంగం

మద్రాసు విశ్వవిద్యాలయంలో భారత ఆర్థికశాస్త్ర ఆచార్యుడైన గిల్బర్ట్ స్లేటర్ 1916లో తన విద్యార్థులను సెలవులలో తమ తమ గ్రామాలను సర్వే చేయవలసిందిగా ప్రోత్సహించాడు. ఆ ఫలితాలు 1918లో ‘సమ్ సౌత్ ఇండియన్ విలేజెస్’ గ్రంథంగా వెలువడ్డాయి. గ్రామాధ్యాయాలు వాటిని రచించిన విద్యార్థుల పేర్లతోనే అచ్చయ్యాయి. సంపాదకత్వం ఆచార్యునిది, గ్రామ పరిజ్ఞానం, రచన విద్యార్థులవి. 1936–37లో పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్ పునఃసర్వే చేపట్టడానికి ఆ అధ్యాయాలే ప్రాతిపదిక అయ్యాయి. గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెంది, ఆక్స్‌ఫర్డులో చదివిన ఎన్.జి. రంగా 1926లో డెల్టా గ్రామాల ఆర్థిక నిర్మాణంపై గ్రంథం ప్రకటించాడు. ఆ గ్రామీణ జీవితం ఆయనకు పుట్టుకతో వచ్చిన పరిచయం.

వృత్తిపదకోశం

భాషాధ్యయనంలో ఈ మార్గానికి శాస్త్రీయమైన పద్ధతిని సమకూర్చినవాడు ఒంగోలులో జన్మించిన భద్రిరాజు కృష్ణమూర్తి. ఆయన సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటాన్ని ప్రచురించింది. వేటపాలెంలో జన్మించిన బూదరాజు రాధాకృష్ణ 1968లో వాస్తుపదకోశాన్ని, కృష్ణమూర్తి 1971లో చేనేత సంపుటాన్ని వెలువరించారు. వ్యవసాయ పదాల వ్యాప్తిని బట్టి తెలుగును పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా విభజించడం సాధ్యమైంది. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాలు మధ్య మండలంలోనూ, నెల్లూరు, రాయలసీమ దక్షిణ మండలంలోనూ చేరాయి.

ప్రకాశం జిల్లా ఈ సంపుటం తరువాత ఏర్పడింది. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు జిల్లా నుండి ఒంగోలు ప్రాంతం, నెల్లూరు నుండి కనిగిరి, పొదిలి, కర్నూలు నుండి మార్కాపురం, గిద్దలూరు కలిసి కొత్త జిల్లా అయింది. కనుక రెండు మాండలిక మండలాలు ఒకే జిల్లాలో కలుసుకొన్నాయి. ‘ప్రకాశం జిల్లా పదం’ అన్న ఒక్క సూచిక ఇక్కడ చాలదు. గ్రామం పేరు తప్పనిసరి. ఒంగోలు విద్యార్థి, గిద్దలూరు విద్యార్థి ఒకే ప్రశ్నావళితో వెళ్లినా, తమ ఇంటి పదానికి భిన్నమైనదేదో వారు వేర్వేరుగా గుర్తిస్తారు.

మిరప కల్లంలో పదార్థ పరిణామం

వరిసాగు ఆధారంగా రూపొందిన ప్రశ్నావళి ‘కల్లం’ అంటే ధాన్యం నూర్చే చోటుగా, ‘తాలు’ అంటే గింజ లేని పొల్లుగా నమోదు చేసి ముందుకు సాగుతుంది. మిరప రైతుకు కల్లం కాయలు ఆరబెట్టే చోటు. తాలు అంటే రంగు కోల్పోయి తెల్లబారిన కాయ. గుంటూరు మిర్చి యార్డులో దానికి వేరే ధర పలుకుతుంది. ఆ యార్డులోనే మిరప బస్తాకు ‘టిక్కీ’ అని పేరు. మొదటి రెండూ పాత పదాలే కనుక బయటి సేకర్తకు కొత్తగా తోచవు. మిరప పండించే ఇంటి విద్యార్థికి మాత్రం ఆ అర్థభేదం నిత్యానుభవం. అతడు ప్రశ్నావళి రచనలో పాలుపంచుకోకపోతే ఆ భేదం కోశంలో చేరడం యాదృచ్ఛికమవుతుంది.

ముగింపు

1967లో గుంటూరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ స్నాతకోత్తర కేంద్రం, 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం ఏర్పడడంతో ఈ మైదానాల విద్యార్థులకు తమ ప్రాంతంలోనే ఉన్నత పరిశోధనకు అవకాశం కలిగింది. స్లేటర్ గ్రంథం విద్యార్థికి కర్తృత్వాన్ని ఇచ్చింది; వృత్తిపదకోశం క్షేత్రపదానికి శాస్త్ర ప్రతిపత్తిని ఇచ్చింది. ఈ రెండింటినీ జోడించడమే ఇప్పటి కర్తవ్యం. ప్రశ్నావళిని ఉమ్మడిగా రూపొందించాలి. ప్రతి ఆరోపానికీ గ్రామం, పంట, సేకర్త పేరు చేర్చాలి. అర్థనిర్ణయంలో విద్యార్థి అభిప్రాయాన్ని నమోదు చేయాలి. పనిముట్లు, పంటలు మారుతున్న కొద్దీ పదాలు తెలిసిన తరం తరిగిపోతుంది. పద్ధతి తెలిసిన ఆచార్యుడు, పదం తెలిసిన విద్యార్థి కలిసి పనిచేస్తేనే ఆ పదజాలం తన అర్థభేదాలతో కోశానికి ఎక్కుతుంది.