చదువు తీర్చలేని కొరత: భక్తసింగ్ గారి మారుమనస్సు – ఒక పరిశీలన

ఇక్రిశాట్ (1972), ఐ.ఐ.టి. (2008) వంటి సంస్థలున్న పటాన్‌చెరు, కంది ప్రాంతపు సంఘాలలో చదువుకున్న విశ్వాసులకు కొదువ లేదు. మంచి ఉద్యోగము దొరికిన తరువాత కూడా మనసు వెలితిగా ఉందనే యౌవనస్థునికి సేవకులు ఏమి చెప్పాలి? ఇందుకు సహోదరుడు భక్తసింగ్ గారి (1903–2000) సాక్ష్యము ఉపయోగపడుతుందని మా అభిప్రాయము.

ప్రసంగాలలో ఈ సాక్ష్యము ఒక్కొక్కసారి చదువును తృణీకరించిన కథగా వినిపిస్తుంది. చరిత్ర అలా చెప్పదు. పంజాబులోని సిక్కు కుటుంబములో పుట్టిన ఆయన 1926లో లండన్ వెళ్లి ఇంజనీరింగ్ చదివారు. తరువాత కెనడాలోని మానిటోబాలో వ్యవసాయ ఇంజనీరింగ్ చదివారు. చదువులో ఓడిపోయి ఆయన క్రీస్తునొద్దకు రాలేదు. కోరిన చదువు, పాశ్చాత్య జీవితపు సుఖాలు అన్నీ చవిచూచిన తరువాత కూడా నిలిచే సంతోషము దొరకలేదని ఆయనే సాక్ష్యమిచ్చారు.

1929లో విన్నిపెగ్‌లో ఒక స్నేహితుడు ఇచ్చిన క్రొత్త నిబంధన చదువుతుండగా యోహాను సువార్త 3వ అధ్యాయము ఆయనను పట్టుకొంది. ఇది గమనించదగిన విషయము. ఆ అధ్యాయములో యేసు మాట్లాడినది చదువురాని వానితో కాదు, ఇశ్రాయేలు బోధకుడైన నీకొదేముతో. ప్రభువు అతని పాండిత్యాన్ని నిందించలేదు. పాండిత్యము ఇవ్వలేని క్రొత్త జన్మను గూర్చి చెప్పాడు.

1932లో భక్తసింగ్ గారు బాప్తిస్మము పొందారు. 1933లో బొంబాయిలో దిగినప్పుడు తల్లిదండ్రులు ఆయన విశ్వాసాన్ని రహస్యముగా ఉంచుకొమ్మన్నారు. కుటుంబ గౌరవము వారి చింత. ఆయన ఒప్పుకొనలేదు. ఇల్లు, ఇంజనీరు హోదా విడిచి వీధులలో సువార్త ప్రకటించారు. 1950 నుండి హైదరాబాదులోని హెబ్రోను ఆయన పరిచర్యకు కేంద్రమైంది. జీతము లేకుండా ప్రార్థనపై ఆధారపడి జీవించారు.

గమలియేలు పాదములయొద్ద చదివిన పౌలు వలె ఆయన కూడా విద్యను పాపముగా ఎంచలేదు, క్రీస్తుకంటె తక్కువగా ఎంచారు. మన సంఘాలలో పరీక్షా ఫలితాలు రాగానే కృతజ్ఞతార్పణలు తెస్తారు, అది మంచిదే. అయితే ర్యాంకు వచ్చిన బిడ్డ తిరిగి జన్మించాడా అని అడిగే కాపరి కూడా అవసరము. ఆ ప్రశ్న అడుగని సంఘము తన పిల్లలను కంపెనీలకు సిద్ధపరచగలదు గాని దేవుని రాజ్యమునకు సిద్ధపరచలేదు.