కిటికీ వెలుగును మెఱుపు వెలుగును

మనుష్యుని ముఖమును ఛాయాచిత్రమున నిలుపుట నేర్చుకొనగోరు యువకులు నేడు మొట్టమొదట యంత్రమును గూర్చి యడుగుదురు. పిదప ఫ్లాషును గూర్చి యడుగుదురు. వెలుగును గూర్చి యడుగువారు అరుదు. ఈ కళ పుట్టిన తరువాత మొదటి యేబది యేండ్లు దాదాపుగా దీనికి సూర్యుడొక్కడే దీపము. చేతిలో నిముడు మెఱుపు తరువాత వచ్చినది. అది వచ్చినప్పుడు కళకు లభించినదేమి, ఎదుట కూర్చున్నవానికి పోయినదేమి యనునది విచారింపదగిన విషయము.

1839 ఆగస్టు 19వ తేదీన పారిస్‌లో దగ్వేరు కనిపెట్టిన పద్ధతి లోకమునకు వెల్లడి చేయబడెను. వెండిపూత గల రాగిరేకుపై బింబము పడుటకు మొదట పలు నిమిషములు పట్టెడిది. చెట్లును మేడలును ఓర్చుకొనగలవు గాని మనుష్యుడు ఓర్చుకొనుట యెట్లు? ఆ యేటనే ఫిలడెల్ఫియాలో దీపముల వ్యాపారము చేయు కుటుంబమునకు చెందిన రాబర్ట్ కార్నీలియస్ ఆరుబయట నిలిచి తన రూపమును తానే తీసికొనెను. నేడు మిగిలియున్న రూపచిత్రములలో తొలివానిలో నది యొకటి. దీపముల వ్యాపారియే దీపమును విడిచి యెండలోనికి రావలసివచ్చినది! 1841లో లండనులో రిచర్డ్ బియర్డు స్థాపించిన చిత్రశాల మేడమీద, నీలపు గాజుకప్పు క్రింద నుండెను. రేకు ముఖ్యముగా నీలకాంతినే గ్రహించును గనుక పని చెడదు. కూర్చున్నవాని కన్నులకు మిరుమిట్లు తగ్గును. తల కదలకుండ వెనుకనుండి యినుప పట్టు ఒకటి పట్టియుండెడిది. ఆనాటి చిత్రములలో పెద్దలందఱు కోపిష్ఠులవలె కనబడుటకు వారి స్వభావముకంటె ఆ యినుమే యెక్కువ కారణమని నా నమ్మకము.

ఈ నిర్బంధమునే కళగా మార్చినది జూలియా మార్గరెట్ కామెరాన్. ఆమె 1815లో కలకత్తాలో జన్మించినది. నలువది యెనిమిదవ యేట, 1863 డిసెంబరులో, కుమార్తెయు అల్లుడును కానుకగా నిచ్చిన కెమెరాతో నీ పని ప్రారంభించి, ఐల్ ఆఫ్ వైట్ ద్వీపమున తన కోళ్లగూటిని గాజుగదిగా మార్చుకొనెను. అన్ని వైపులనుండి వెలుగు పడిన ముఖము పలకవలె చదునగునని యెఱిగి, తెరలు దించి, ఒక ప్రక్కనుండి మాత్రమే వెలుగును రానిచ్చెడిది. ఒక్కొక్క చిత్రమునకు నిమిషముల కొలది పట్టెడిది. 1867లో ఖగోళశాస్త్రజ్ఞుడు సర్ జాన్ హెర్షెలును చిత్రించుటకు ముందు ఆయన తల కడిగించి, తెల్లని వెండ్రుకలు రేగియుండునట్లు చేసెనని చెప్పుదురు. ఆ చిత్రమున నల్లని శూన్యమునుండి ముసలి ముఖమొకటి వెలువడుచున్నది, అంచులు మెత్తబడియున్నవి. ఆమె పటములలో స్పష్టత లేదని తోడి చిత్రకారులు నిందించిరి. నా మతమున నా మెత్తదనము కాలము ముఖముపై నడచిన గుర్తు. మూడు నాలుగు నిమిషములు ఒకరి యెదుట కూర్చున్నవాడు నటించుట మానివేయును.

ఇంగ్లీషు పుస్తకములు ఉత్తరపు కిటికీ శ్రేష్ఠమని చెప్పును. ఆ దేశమున మధ్యాహ్న సూర్యుడు ఎల్లప్పుడు దక్షిణముననే యుండును గనుక ఉత్తరపు వెలుగు ఒక్కతీరుగా నుండును. ఆ సూత్రమును కంఠస్థము చేసిన మన విద్యార్థి జూన్ నెలలో మోసపోవును. పదునేడవ అక్షాంశమున నున్న మనకు మే రెండవ వారము మొదలు జులై నెలాఖరు వఱకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరముగా నుండును. ఆ దినములలో దక్షిణపు వసారాయే మనకు మేలైన చిత్రశాల. ముఖమున నీడ మిక్కిలి చిక్కగా నున్నచో, ఆ ప్రక్కన ఉతికిన తెల్లని పంచెను దండెముపై ఆరవేసిన చాలును.

ఇక కృత్రిమమైన వెలుగు. పారిస్‌లో నాదారు విద్యుద్దీపములతో రూపచిత్రములను తీసెను. 1861 ప్రాంతమున భూగర్భమందలి అస్థిశాలలను గూడ చిత్రించెను. అచ్చట ఒక్కొక్క చిత్రమునకు 18 నిమిషముల వఱకు పట్టుటచే, కూలివాండ్రకు బదులు బొమ్మలకు బట్టలు తొడిగి నిలిపెను. 1864లో మాంచెస్టరులో ఆల్ఫ్రెడ్ బ్రదర్సు మెగ్నీషియము తీగను మండించి రూపచిత్రము తీసెను. 1887లో జర్మనీలో గేడికె, మీథె యనువారు మెగ్నీషియము పొడిని పొటాషియము క్లోరేటుతోను ఆంటిమొని సల్ఫైడుతోను కలిపి, క్షణమున భగ్గుమను చూర్ణమును చేసిరి. మన దీపావళి మందుగుండునకు ఇది దగ్గఱి చుట్టము.

ఈ చూర్ణపు వార్తను న్యూయార్కులో చదివినవాడు జేకబ్ రీస్. 1870లో డెన్మార్కునుండి వలస వచ్చి, ఆకలి నెఱిగి, పోలీసు వార్తల విలేఖరియైనవాడు. వెలుగు చొరని గదులలో క్రిక్కిఱిసియున్న బీదల దుఃస్థితిని మాటలతో నెంత వ్రాసినను చాలలేదు. స్నేహితులను వెంటబెట్టుకొని రాత్రివేళ ఆ గదులకు బోయెను. మొదట చూర్ణమును పిస్తోలువంటి సాధనముతో ప్రేల్చిరి. నడిరేయి వచ్చి పిస్తోలు పేల్చు అపరిచితులను జూచి బీదలు బెదరిపోయిరి. పిదప రీస్ పిస్తోలును మాని వేపుడు పెనముపై చూర్ణమును వెలిగించెను. ఒకమాఱు అయిదుగురు గ్రుడ్డివారున్న అటకగదిలో మెఱుపు వెలిగింపగా ఇంటికి నిప్పంటుకొనెను. ఆ గదిలో కన్నులున్నవాడు తానొక్కడే. తక్కినవారికి అపాయము సంగతి తెలియనే తెలియదు. దానిని తానే యార్పితినని 1890లో ప్రకటించిన ‘హౌ ది అదర్ హాఫ్ లివ్స్’ అను గ్రంథమున వ్రాసికొనెను.

ఆ గ్రంథము మేలు చేయలేదని యెవడును అనజాలడు. మల్బెరీ బెండ్ అను మురికివాడ పడగొట్టబడి, 1897లో ఆ చోట ఉద్యానము వెలసెను. రీస్ సంకల్పము పవిత్రమే. అయినను ఆ చిత్రములలోని కన్నులను చూడుడు. అవి మేల్కొన్న కన్నులు కావు, మేల్కొల్పబడిన కన్నులు. దారిద్ర్యము కనబడినది; ఆ దరిద్రుడెట్టివాడో కనబడలేదు. కిటికీ వెలుగునకు కూర్చుండువాని సహకారము లేక పని జరుగదు. వాడు కదలినచో పటము చెడును. మెఱుపునకు వాని సమ్మతితో నిమిత్తము లేదు. ఈ భేదమును ఛాయాచిత్ర గ్రంథములు చెప్పవు.

దాదాపుగా నా కాలముననే హైదరాబాదులో వేఱొక రీతి జరిగెను. 1844లో సర్ధనాలో జన్మించి, రూర్కీలో చదివి, ఆఱవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన లాలా దీనదయాళు 1892లో ఘోషా స్త్రీలకై ప్రత్యేక చిత్రశాలను తెఱచి, ఒక ఆంగ్లవనితకు దాని నప్పగించెను. ఘోషాను నేను సమర్థింపను. అట్టి చిత్రశాల సంపన్నుల యింటి స్త్రీలకే గాని కూలిదానికి గాదు. అయినను అచ్చటికి పోవుట యనగా కోరి పోవుట. న్యూయార్కు బీదవానికి లేని దీ కోరికయే.

1929లో జర్మనీలో గాజుబుడ్డిలో మండు మెఱుపుదీపము వచ్చెను. పిదప అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టను విద్యుత్తుతో మెఱుపును సాధించెను. పొగ పోయెను, నిప్పు పోయెను, హఠాత్తు మాత్రము పోలేదు. మా వంటి పాఠశాలలకు నోటుపుస్తకములు పంచ వచ్చు దాతలు పుస్తకమును ఒక చివర తాము పట్టుకొని, రెండవ చివర బాలుని చేత పట్టించి, ఫ్లాషు వెలుగువఱకు విడువరు. బాలుడు కన్నులు చిట్లించును. ఆ పటము వార్తాపత్రికలో వచ్చును. బాలుని పేరు అందుండదు.

ఈ విద్య నేర్వ వచ్చు పిల్లలకు నేను మొదటి నెల ఫ్లాషు నియ్యను. ఇంటి వసారాలో అవ్వను కూర్చుండబెట్టి, ఆమెతో మాటలాడి, ఆమె సరే యన్న తరువాతనే తీయుమందును. రెండవ నెల ఫ్లాషు నిచ్చి లెక్క చెప్పుదును: దూరము రెండింతలైన వెలుగు నాలుగవ వంతగును, కావుననే దగ్గఱి ముఖము సున్నమువలెను వెనుకటి గది బొగ్గువలెను వచ్చును. చిన్న దీపము కఠినమైన నీడను, పెద్ద కిటికీ మెత్తని నీడను ఇచ్చును. కనుక ఫ్లాషును ముఖముపైకి గాక ప్రక్కనున్న వెల్లవేసిన గోడపైకి త్రిప్పవలయును. గోడయంతయు వెలిగి కిటికీవలె పనిచేయును. గోడకు ఆకుపచ్చ రంగు వేసియున్నచో అవ్వ ముఖమును ఆకుపచ్చనగునని ముందుగానే హెచ్చరింతును.